పరపతి వీధి: ‘కన్యాశుల్కం’, ‘మెయిన్ స్ట్రీట్’ రచనల్లో చిన్నపట్టణపు బజారు

వ్యాససంగ్రహం

చిన్నపట్టణాల పాత ప్రధానవీధులను తలచుకొనేటప్పుడు సాధారణంగా పాతభవనాల అందం, తీరికైన నడక, ఆత్మీయమైన పలకరింపులు గుర్తుకు వస్తాయి. ఈ సొగసుకు మూలమేమిటో రెండు రచనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒకటి గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం (1909 నాటి రెండో కూర్పు). రెండోది అమెరికన్ రచయిత సింక్లెయిర్ లూయిస్ రాసిన ‘మెయిన్ స్ట్రీట్’ నవల (1920). తెలుగులో అప్పు, పలుకుబడి అనే రెండు అర్థాలనూ మోసే ‘పరపతి’ అనే మాట ఈ పరిశీలనకు పరికరం. ఒకరినొకరు ఎరిగివుండటమే చిన్నపట్టణపు వీధికి సొగసు తెస్తుందనీ, ఆ ఎరుకే బాకీని అడుగుతుందనీ, నిందను మోస్తుందనీ, ఈ రెంటినీ విడదీసి సొగసును మాత్రమే మిగుల్చుకొనే పఠనం అసంపూర్ణమనీ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కన్యాశుల్కం, బొంకులదిబ్బ, మెయిన్ స్ట్రీట్, పరపతి, చిన్నపట్టణం, వీధి, గతస్మృతి, తులనాత్మక విమర్శ.

1. ఉపోద్ఘాతం

తెలుగునేల మీద పాతపట్టణం ఏదైనా దానికొక పెద్దబజారో, మెయిన్ రోడ్డో ఉంటుంది. ఒకవైపు గుడి, ఇంకోవైపు కోటో కచేరీయో, నడుమ బట్టలకొట్లు, కిరాణా దుకాణాలు, మందులషాపు, ఫలహారశాల. ఊరు ఎంత విస్తరించినా ఊరివాళ్లు ‘బజారుకు వెళ్లొస్తాను’ అన్నప్పుడు మనసులో ఉండేది ఆ ఒక్క వీధే. అమెరికాలో ఇటువంటి వీధికి ‘మెయిన్ స్ట్రీట్’ అన్న పేరు స్థిరపడింది. ఏ రాష్ట్రంలోని ఏ చిన్న ఊరి పేరు చెప్పినా అటువంటి వీధి ఒకటి ఉంటుందని అక్కడి పాఠకుడు ముందుగానే ఊహించుకోగలడు.

ఈ వీధుల గురించి వచ్చే రచనల్లో ఎక్కువభాగం స్మృతిపరమైనవి. చిన్ననాట చూసిన దుకాణాలు, వాటి యజమానులు, పండుగనాటి సందడి వాటికి ఇతివృత్తం. ఇటువంటి రచనలకు విలువ లేకపోలేదు. అయితే స్మృతి తనకు కావలసినదాన్ని ఎంచుకుంటుంది. పలకరించిన దుకాణదారుడు గుర్తుంటాడు. అతని ఖాతాపుస్తకంలో ఎవరి పేరు ఎంతకాలం తీరకుండా ఉండిపోయిందో గుర్తుండదు.

ఇక్కడ తెలుగుభాష విమర్శకుడికి ఒక అరుదైన సౌకర్యం కల్పిస్తున్నది. ‘పరపతి’ అనే మాట సహకార పరపతి సంఘంలో అప్పుకు సంబంధించినది. ‘ఆయనకు ఊళ్లో మంచి పరపతి ఉంది’ అన్నప్పుడు అదే మాట పలుకుబడిని, గౌరవాన్ని సూచిస్తుంది. ఈ రెండర్థాలూ ఒకే మాటలో కలవడం యాదృచ్ఛికం కాదు. చిన్నపట్టణపు బజారులో గౌరవం ఉన్నవాడికే అరువు పుడుతుంది. అరువు తీర్చినవాడికే గౌరవం నిలుస్తుంది. వీధిని ఈ ద్వంద్వార్థంలో చదివితే ‘కన్యాశుల్కం’, ‘మెయిన్ స్ట్రీట్’ రెండూ కొత్త వెలుగులో కనిపిస్తాయి.

ఈ రెండు రచనల మధ్య ప్రభావసంబంధం ఉన్నదని ఈ వ్యాసం చెప్పడం లేదు. గురజాడ తన నాటకాన్ని పెంచి, సమూలంగా సంస్కరించి ప్రకటించినది 1909లో. లూయిస్ నవల వెలువడినది 1920లో, గురజాడ కన్నుమూసిన అయిదేళ్ల తరువాత. ఒకటి నాటకం, మరొకటి నవల. దేశాలు వేరు, సమాజాలు వేరు. అయినా చిన్నపట్టణపు బజారును అలంకారంగా కాక కథకు చోదకశక్తిగా వాడుకోవడంలో రెండు రచనలూ పక్కపక్కన నిలబడతాయి. కనుక ఇది సమాంతర పరిశీలన.

2. ఒకే వీధి, రెండు చూపులు

వీధి సొగసు ఎక్కడున్నదన్న ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న రచన లూయిస్‌ది. అందుచేత పరిశీలనను అక్కడినుంచి ప్రారంభించడం సముచితం. లూయిస్ 1885లో మిన్నెసోటా రాష్ట్రంలోని సాక్ సెంటర్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ ఊరి పోలికలతోనే నవలలో గోఫర్ ప్రెయిరీ అనే పట్టణాన్ని కల్పించాడు. నాయిక కేరల్ నగరంలో గ్రంథాలయోద్యోగిగా పనిచేసిన విద్యావంతురాలు. డాక్టర్ విల్ కెన్నికట్‌ను పెళ్లాడి అతని ఊరికి వస్తుంది. ఊరిని అందంగా తీర్చిదిద్దాలన్న ఆశ ఆమెది.

వచ్చీ రాగానే కేరల్ ఊరు చూడటానికి ఒంటరిగా బయలుదేరుతుంది. ముప్పైరెండు నిమిషాల్లో ఊరంతా తిరగడం పూర్తవుతుంది. ఆమె చూపు ఒక్కొక్క దుకాణం మీద ఆగుతుంది. పసుపుచారలు దిగిన చెక్కతో కట్టిన మూడంతస్తుల హోటలు ఆమెకు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. కిరాణాకొట్టు కిటికీలో ప్రదర్శనకు పెట్టిన ఆకుకూర మీద పిల్లి నిద్రపోతూ ఉంటుంది. మందుల దుకాణంలో జిడ్డుపట్టిన సోడా పానీయాల బల్ల, దానిమీద రంగురంగుల గాజుముక్కల దీపం ఆమెకు వెగటు కలిగిస్తాయి. పక్కపక్కనున్న ఏ రెండు భవనాలకూ పొంతన లేదన్నది ఆమె అసంతృప్తి.

నవలాకారుడు ఇక్కడితో ఆగివుంటే అది నగరవాసి చేసిన వెక్కిరింతగా మిగిలిపోయేది. లూయిస్ వెంటనే ఇంకొక చూపును ప్రవేశపెడతాడు. కేరల్ వచ్చిన రైల్లోనే బియా సోరెన్సన్ అనే పల్లెపిల్ల కూడా దిగింది. పొలంపనితో విసిగి ఊళ్లో పనిమనిషిగా బతుకుదామని వచ్చినది. అంతకుముందు ఆమె చూసిన పెద్ద ఊరి జనాభా అరవైయేడు. ఆమె కూడా అదే సమయంలో అదే వీధిలో నడుస్తుంది. అదే హోటలు ఆమెకు తల వెనక్కి వాల్చి చూడవలసినంత ఎత్తుగా కనబడుతుంది. అదే సోడా బల్ల చలువరాతి వైభవం. అదే రంగుగాజుల దీపం ఆమె ఎన్నడూ చూడని అద్భుతం. కేరల్ పారిపోవాలనుకున్న వీధిలోనే బియా స్థిరపడాలని నిశ్చయించుకుంటుంది. అనతికాలంలోనే కేరల్ ఇంట్లోనే పనికి కుదురుతుంది.

ఈ జంటదృశ్యం నుంచి వెంటనే తోచే నిర్ణయం ఒకటుంది: అందం చూసేవారి కళ్లలో ఉన్నదని. కానీ నవల మొత్తాన్ని చదివిన తరువాత ఆ నిర్ణయం చాలదని తెలుస్తుంది. ఇద్దరూ ఆ వీధిని చూసినప్పుడు ఇద్దరికీ అక్కడ పరపతి లేదు. ఎవరికీ బాకీ లేరు, ఎవరికీ పరిచయం లేరు. కేరల్ వెగటూ, బియా సంబరమూ రెండూ బయటి మనుషులవే. వీధి అసలు స్వరూపం వాళ్లను వీధి ఎరగడం మొదలుపెట్టిన తరువాతే బయటపడుతుంది. కేరల్ ఏం కొన్నదో, ఎక్కడ నవ్విందో, పనిమనిషితో ఎంత చనువుగా ఉన్నదో ఊరంతా లెక్కపెడుతున్నదని ఆమెకు క్రమంగా అర్థమవుతుంది. ఆ వీధి ఆమెను చూస్తున్నది. తానొకర్తే చూస్తున్నానన్న భ్రమ ఆమెకు అక్కడ తొలగిపోతుంది.

బియా సంగతి ఇంకా విషాదకరం. ఆమె మైల్స్ బ్యోర్న్‌స్టామ్ అనే శ్రామికుణ్ణి పెళ్లాడుతుంది. అతను ఊరి పెద్దలను లెక్కచేయని మనిషి. వీధి దృష్టిలో పరపతి లేనివాడు. పొరుగువాడి బావినీళ్లకు ఎత్తిపొడుపులు పడవలసిరావడంతో ఆ కుటుంబం వేరేచోట నీళ్లు తెచ్చుకుంటుంది. ఆ నీటివల్ల వచ్చిన టైఫాయిడ్‌తో బియా, ఆమె కొడుకు మరణిస్తారు. ఊరి మర్యాదస్తులైన స్త్రీలు పరామర్శకు వచ్చేసరికి చాలా ఆలస్యమైపోయింది. ఆ వీధిని అందరికన్న ఎక్కువగా ప్రేమించినది బియా. ఆ వీధి నీటిచుక్కకు లెక్కచూసినదీ ఆమె ఇంటిదగ్గరే. సొగసుకూ పరపతికీ ఉన్న సంబంధాన్ని లూయిస్ ఇంతకంటే కఠినంగా మరెక్కడా చెప్పలేదు.

3. బొంకులదిబ్బ: పేరున్న బాకీదారు, పేరులేని ఋణదాతలు

పరిచయం లేనివాళ్లు వీధిలోకి రావడంతో లూయిస్ కథ నడుస్తుంది. అందరికీ పరిచయమైపోయినవాడు వీధిని విడిచిపోవడంతో గురజాడ కథ మొదలవుతుంది. ‘కన్యాశుల్కం’ ప్రథమాంకం మొదటి రంగస్థలం విజయనగరంలోని బొంకులదిబ్బ. 1892లో విజయనగరంలోనే ఈ నాటకం మొదటి రూపం ప్రదర్శితమైంది. ఆనాటి ప్రేక్షకుడికి ఆ పేరు వినగానే కళ్లముందు కదిలేది తాను రోజూ నడిచే చోటు. ఆ పేరులో ‘బొంకు’ వినిపించడం, అబద్ధాలకోరు గిరీశం అక్కడే ప్రవేశించడం విమర్శకులు ఎంతోకాలంగా చెప్పుకొంటున్న చమత్కారమే. అయితే పేరులోని శ్లేష దగ్గరే ఆగిపోతే ఆ రంగంలో జరుగుతున్న ఆర్థికవ్యవహారం కనుమరుగవుతుంది.

గిరీశం ప్రవేశించేది సాయంకాలం. అతని స్వగతంలో ముందుగా వచ్చేది అప్పు. సంతలో సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు తీసుకొని మధురవాణి కోసం ఖర్చుపెట్టాడు. ఇప్పుడు ఆమెతో తగవు వచ్చింది. ఊళ్లో ఉండే వీలు తగ్గింది. అదే రంగంలో ఫొటోగ్రాఫు పంతులు నౌకరు కూడా వస్తాడు. గిరీశం, మధురవాణి కలిసి తీయించుకున్న ఫొటోల బాకీ వసూలు చేయడం అతని పని. గిరీశం మాటలతో అతణ్ణి పంపేస్తాడు. పరీక్ష తప్పిన శిష్యుడు వెంకటేశం ఎదురవుతాడు. సెలవుల్లో చదువు చెప్పే నెపంతో వెంకటేశం ఊరైన కృష్ణరాయపురం అగ్రహారానికి వెళ్లే ఆలోచన గిరీశానికి తడుతుంది.

ఈ రంగనిర్మాణంలో గమనింపదగిన విశేషాలు మూడున్నాయి.

మొదటిది, ఇక్కడ భవనాలు లేవు. లూయిస్ వీధిలో ప్రతి దుకాణానికీ యజమాని పేరుంది, కిటికీ ఉంది, రంగు ఉంది. గురజాడ వీధిలో ఒక్క కొట్టు వర్ణన కూడా లేదు. ఇది నాటకప్రక్రియ పరిమితి అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఫలితం మటుకు విశేషమైనది. బొంకులదిబ్బ పూర్తిగా మనుషుల మాటలతో, రాకపోకలతో, ఎదురుపడటాలతో, తప్పించుకోవడాలతో ఏర్పడుతుంది. ఎవరు ఎవరికి కనబడకూడదనుకుంటున్నారో దానినిబట్టే ఆ వీధి పటం తయారవుతుంది. గిరీశానికి ఆ దిబ్బ ఎంత ఇష్టమైన చోటో అంత ప్రమాదకరమైన చోటు కూడా. శిష్యుడు ఎదురుపడేదీ అక్కడే, బాకీవాడు పట్టుకొనేదీ అక్కడే.

రెండోది, పేర్ల సంగతి. బాకీపడినవాడికి పేరుంది. అతని పేరు తెలుగు సాహిత్యంలో నానుడిగా మారింది. ఇరవై రూపాయలు ఇచ్చిన విధవరాలికి పేరు లేదు. ఆమె చేసే వ్యాపారమే ఆమె పేరు. ఫొటోలు తీసినవాడికీ, వసూలుకు వచ్చిన నౌకరుకూ పేర్లు లేవు. వీధిని నడిపేది వీళ్ల శ్రమ, వీళ్ల పెట్టుబడి. వీధి గుర్తుంచుకొనేది మాత్రం గిరీశం వాక్చాతుర్యాన్ని. నాటకాన్ని ఆస్వాదించే పాఠకుడు కూడా ఈ పక్షపాతంలో భాగస్వామి అవుతున్నాడు. నౌకరును మాటలతో బోల్తాకొట్టించినప్పుడు ప్రేక్షకులు నవ్వుతారు. ఆ నవ్వులో వాళ్లు తమకు తెలియకుండానే బాకీదారు పక్షం వహిస్తున్నారు. ఆ నవ్వు గురజాడ పొరపాటు అనడానికి వీలులేదు. గిరీశం ఆకర్షణ ఎంతటిదో ప్రేక్షకుడు స్వయంగా అనుభవించేలా చేసి, ఆ తరువాత దాని వెల ఎవరు చెల్లిస్తున్నారో మిగిలిన అంకాల్లో చూపించాడు.

మూడోది, కథాచలనం. ‘కన్యాశుల్కం’ కథ ఎందుకు మొదలవుతుందన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానం సుబ్బి పెళ్లి. అది సమస్య. కానీ గిరీశాన్ని అగ్రహారానికి చేర్చిన కారణం వేరు. విజయనగరం బజారులో అతని పరపతి చెల్లిపోయింది. అరువు పుట్టని చోట గౌరవం కూడా నిలవదు. కనుక తన చరిత్ర తెలియని ఊరు అతనికి అవసరమైంది. అగ్రహారంలో అతనికి పెట్టుబడి నాలుగు ఇంగ్లీషు మాటలు. వాటితోనే అగ్నిహోత్రావధానుల ఇంట కొత్త ఖాతా తెరుస్తాడు. బుచ్చమ్మ జీవితం ఆ ఖాతాలోకి జమపడుతుంది.

4. నడిచివచ్చిన జ్ఞాపకం

బాకీదారు ఊరు విడిచినంతమాత్రాన బాకీ తీరదు. నాటకం విజయనగరంలో మొదలై, అగ్రహారాల మీదుగా విశాఖపట్నం చేరుతుంది. ఈ ప్రయాణంలో గిరీశం ప్రతిచోటా కొత్తమనిషిగా కనబడే ప్రయత్నం చేస్తాడు. విశాఖలో సౌజన్యారావు పంతులు దగ్గర సంస్కర్తగా, విధవావివాహపక్షపాతిగా నిలబడతాడు. అతని పూర్వచరిత్ర అక్కడ ఎవరికీ తెలియదు. ఆ చరిత్రను అక్కడికి చేర్చినది మధురవాణి. ఆమె నోటినుంచి నిజం వినడంతో గిరీశం ఆశలు తలకిందులవుతాయి. బొంకులదిబ్బ సాయంకాలం గిరీశం తప్పించుకున్న లెక్క నాటకం చివర ఇంకొక పట్టణంలో తేలుతుంది. వీధి జ్ఞాపకాన్ని మోసే ఖాతాపుస్తకం ఇక్కడ ఒక మనిషి రూపంలో నడిచివచ్చింది.

అయితే ఆ మనిషి అక్కడికి ఎలా రాగలిగింది? సానులను చూడటానికే ఇష్టపడని సౌజన్యారావు ఇంట్లోకి మధురవాణి పురుషవేషంలో ప్రవేశిస్తుంది. నాటకీయచమత్కారంగా ఈ సన్నివేశం ప్రసిద్ధమే. వీధికి సంబంధించిన పరిశీలనలో దీనికి మరొక అర్థం ఉంది. ఏ మగవాడైనా తలుపుతట్టి వెళ్లగలిగిన ఇంట్లోకి తన రూపంతో తాను వెళ్లే హక్కు ఆమెకు లేదు. పట్టణపు నడవడిలో ఎవరికి ఏ దారి తెరుచుకుంటుందన్నది పరపతిని బట్టి నిర్ణయమవుతుంది. ఆ పరపతిలో స్త్రీకి స్వతంత్రమైన ఖాతా లేదు. బుచ్చమ్మ పరిస్థితి ఇంకా సంకుచితం. ఆమెకు బజారే లేదు. ఆమె గడప దాటిన ఒక్కసారీ గిరీశం వెంటే దాటింది.

లూయిస్ నవలలో ఈ అంశం మరింత లౌకికమైన రూపంలో కనబడుతుంది. మందుల దుకాణంలో యజమాని భార్య పిల్లల బట్టలకు డబ్బు కావాలని భర్తను అందరిముందు అడుగుతుంది. అతను ఇవ్వడానికి ముందు ఆమెను చులకన చేస్తాడు. ఆ దృశ్యం చూసిన కేరల్‌కు తాను కూడా ఇంటిఖర్చుకు భర్త ముందు చేయిచాస్తున్న సంగతి కొత్తగా తడుతుంది. బియా కళ్లకు చలువరాతి వైభవంగా కనిపించిన దుకాణం అదే. వీధిలోని ఒకే స్థలం ఒక స్త్రీకి అద్భుతంగానూ, మరొక స్త్రీకి అవమానంగానూ ఉండటాన్ని నవల ఏ వ్యాఖ్యానమూ లేకుండా చూపిస్తుంది.

ఫెర్న్ మలిన్స్ వృత్తాంతం దీనికి పరాకాష్ఠ. ఆమె బడిపంతులమ్మ. ఒక నృత్యవినోదానికి వెళ్లివచ్చిన రాత్రి తరువాత ఆమె మీద నింద పుడుతుంది. ఆ నిందలో భాగస్వామియైన కుర్రవాడికి ఏమీ కాదు. ఆమె మాత్రం ఉద్యోగం పోగొట్టుకొని రైలెక్కుతుంది. గిరీశం పరపతి చెడినప్పుడు అతనికి కొత్త ఊరు దొరుకుతుంది. స్త్రీ పరపతి చెడినప్పుడు ఆ మాట ఆమెకంటే ముందే తరువాతి ఊరికి చేరుతుంది. వీధి జ్ఞాపకశక్తి అందరి విషయంలో ఒకేలా పనిచేయదని రెండు రచనలూ చెబుతున్నాయి.

ఇందుకు విరుగుడు మహానగరమేనా? కేరల్ కొంతకాలం వాషింగ్టన్ వెళ్లి ఉద్యోగం చేస్తుంది. ఎవరూ ఎరగనితనంలోని స్వేచ్ఛను చవిచూస్తుంది. అయితే నగరంలో కూడా చిన్నపట్టణపు చూపు పూర్తిగా లేకపోలేదని గుర్తిస్తుంది. చివరకు గోఫర్ ప్రెయిరీకే తిరిగివస్తుంది. తన అభిప్రాయాలను విడిచిపెట్టి రాలేదు. మొదటిసారి బయటి మనిషిగా వీధిని తీర్పుతీర్చినవారు రెండోసారి లోపలి మనిషిగా వాదించడానికి వచ్చారు. ఎరిగినచోట ఉండటానికి చెల్లించవలసిన వెల తెలిసి కూడా ఉండటం వేరు, తెలియక మురిసిపోవడం వేరు. నవల ముగింపులోని పరిణతి అదే.

5. సొగసును కాపాడటం

రచనల నుంచి ఇప్పటి వీధులకు వచ్చినప్పుడు ఈ చర్చ ప్రయోజనం స్పష్టమవుతుంది. లూయిస్‌కు 1930లో నోబెల్ సాహిత్యబహుమతి వచ్చింది. ఆ గౌరవం పొందిన మొదటి అమెరికన్ అతనే. అతను వెక్కిరించిన సాక్ సెంటర్ కాలక్రమాన ఆ వెక్కిరింతనే బిరుదుగా స్వీకరించింది. ఆ ఊరి ప్రధానవీధి ‘అసలైన మెయిన్ స్ట్రీట్’గా ప్రచారం పొందింది. ఉన్నతపాఠశాల క్రీడాజట్లకు కూడా ఆ పేరే పెట్టుకున్నారు. విమర్శను వారసత్వంగా మార్చుకోగల శక్తి చిన్నపట్టణానికి ఉన్నదనడానికి ఇది మంచి ఉదాహరణ. ఆ మార్పులో నవలలోని బియా మరణం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది.

1955లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన డిస్నీల్యాండ్‌లో ‘మెయిన్ స్ట్రీట్’ ఒక వినోదవీధిగా వెలిసింది. వాల్ట్ డిస్నీ చిన్ననాట నివసించిన మిస్సోరి రాష్ట్రపు మార్సెలీన్ పట్టణం దానికి ప్రేరణ. అక్కడి భవనాల పై అంతస్తులను కింది అంతస్తుకన్న చిన్న కొలతల్లో కట్టారు. కంటికి అవి మరింత ఎత్తుగా కనబడతాయి. బియా తల వెనక్కి వాల్చి చూసిన అనుభవాన్ని అందరికీ అమ్మగలిగే ఏర్పాటిది. అక్కడ ఎవరూ ఎవరినీ ఎరగరు. ఎవరి బాకీ ఎవరికీ గుర్తుండదు. సొగసు ఉంది, పరపతి లేదు.

దీనికి భిన్నంగా, అమెరికాలోని జాతీయ చారిత్రక పరిరక్షణసంస్థ 1977లో మూడు పట్టణాలను ప్రయోగానికి ఎంచుకుంది. అవి ఇల్లినాయ్‌లోని గేల్స్‌బర్గ్, ఇండియానాలోని మాడిసన్, దక్షిణ డకోటాలోని హాట్ స్ప్రింగ్స్. ఆ అనుభవంతో 1980లో ప్రత్యేకంగా ఒక జాతీయకేంద్రం ఏర్పడింది. భవనాల ముఖభాగాలను బాగుచేయడంతో పాటు స్థానికుల సంఘటన, ప్రచారం, వ్యాపారాల పునరుజ్జీవనం కూడా ఆ కార్యక్రమంలో అంగాలయ్యాయి. కొట్టు నడవకపోతే కొట్టు గోడ నిలవదన్న అవగాహన ఇందులో ఉంది. పరపతిలోని మొదటి అర్థాన్ని, అంటే వ్యాపారపు బతుకును, ఈ కార్యక్రమం గుర్తించింది. రెండో అర్థాన్ని, అంటే ఎవరికి గౌరవం దక్కింది, ఎవరికి దక్కలేదు అన్న చరిత్రను, ఏ మరమ్మతూ తనంతట తాను నిలబెట్టలేదు. ఆ పని సాహిత్యానిది.

విజయనగరం విషయంలో ఈ మాట మరింత వర్తిస్తుంది. కోట, గంటస్తంభం, మూడులాంతర్లు ఆ పట్టణానికి గుర్తులు. దసరా తరువాత జరిగే పైడితల్లి అమ్మవారి ఉత్సవంలో మూడులాంతర్ల దగ్గరి గుడికీ కోటకూ నడుమ సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. మామూలు రోజుల్లో కొనుగోళ్లకు నడిచే దారి ఆనాడు అమ్మవారి దారి అవుతుంది. వీధి ప్రాణం వాడుకలో ఉన్నదని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. అదే పట్టణంలో బొంకులదిబ్బ కూడా ఉంది. సిరిమాను తిరిగే దారి భక్తిని గుర్తుచేస్తే, బొంకులదిబ్బ బాకీని గుర్తుచేస్తుంది. పట్టణచరిత్రకు రెండూ కావాలి. గురజాడ విజయనగరంపై మమకారం లేనివాడు కాదు. ఆ మమకారం ఉన్నవాడు కనుకనే తన ఊరి బజారును పొగడ్తతో కాక ఒక అప్పుతో ప్రారంభించగలిగాడు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. చిన్నపట్టణపు ప్రధానవీధి సొగసుకు ఆధారం భవనాలకన్న మనుషుల పరస్పర ఎరుక. ‘కన్యాశుల్కం’ ఒక్క భవనాన్ని కూడా వర్ణించకుండా బొంకులదిబ్బను సజీవం చేయడం దీనికి సాక్ష్యం.

2. ఆ ఎరుక పరపతి రూపంలో పనిచేస్తుంది. పలకరింపు, అరువు, నిఘా, నింద దానికి వేర్వేరు ముఖాలు. గిరీశం పట్టణం విడవడానికీ, కేరల్ వాషింగ్టన్ వెళ్లడానికీ ప్రేరకం ఇదే.

3. పరపతి పంపకంలో సమానత లేదు. పూటకూళ్లమ్మ, ఫొటోగ్రాఫు పంతులు నౌకరు పేరులేనివాళ్లుగా మిగలడం, మధురవాణి పురుషవేషం, బియా మరణం, ఫెర్న్ బహిష్కరణ దీనిని నిరూపిస్తాయి.

4. స్థలాన్ని కేవలం నేపథ్యంగా లెక్కించే విమర్శకు ఈ అంశాలు అందవు. తెలుగు కథానవలల్లోని బజార్లను ఋణసంబంధాల కోణంనుంచి తిరిగి చదవవలసిన అవసరం ఉంది. అలా చదివితే గతస్మృతిగా పేరుపడిన రచనల్లో కూడా తీరని బాకీలు బయటపడే అవకాశముంది.

బొంకులదిబ్బ మీద ఆ సాయంకాలం నౌకరు వసూలుకు వచ్చినది ఫొటోల వెల. అందమైన ఆ క్షణాన్ని పదిలం చేసుకోవాలని గిరీశం కోరుకున్నాడు, అది దక్కించుకున్నాడు, వెల మాత్రం ఇవ్వలేదు. పాతవీధుల సొగసును తలచుకొని మురిసే పాఠకుడి చేతిలో కూడా అటువంటి ఫొటో ఒకటి ఉంటుంది. బాకీ అడగడానికి వచ్చిన నౌకరు ఇంకా బొంకులదిబ్బ మీదే నిలబడివున్నాడు. అతని మాట వినిపించుకోవడం విమర్శ పని.